నీళ్లు తాగకుండా గెలిచిన కప్పు

ఆ ఆదివారం పొద్దున మా లేబర్ క్యాంపు బాత్రూంలో నిలబడి చూసుకుంటే మూత్రం పాలు లేని సులేమానీ టీ రంగులో పడింది. లైటు మసకగా ఉందేమో అనుకుని తలుపు తెరిచి మళ్లీ చూశాను. లైటు బాగానే ఉంది. తొడలు రెండూ బిగుసుకుపోయి, పై మంచం మీద నుంచి దిగడానికే పావుగంట పట్టింది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం మాకు కబడ్డీ ఫైనల్ ఉంది.

నా పేరు సత్తిబాబు. మాది అమలాపురం దగ్గర పల్లె. అప్పటికి ఎనిమిదేళ్లుగా అబూదాబీ పక్కన ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తున్నాను. ఇంటి దగ్గర అందరూ నన్ను దుబాయ్‌లో ఉన్నాననే చెప్పుకుంటారు, నేనూ దిద్దను. క్యారంబోర్డు ఆటలో ఓడిపోయినా ఆ పూట అన్నం తినని రకం నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

కరోనా వచ్చాక రెండేళ్లు ఆటల్లేవు. గదికి ఎనిమిది మందిమి గోడలు చూసుకుంటూ గడిపాం. ఆ తర్వాత మళ్లీ టోర్నమెంటు అన్నారు. క్యాంపుల వెనక ఇసుక మైదానంలో సున్నంతో కోర్టు గీస్తుంటేనే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సెలవు రోజు సాయంత్రం బస్సుల్లో జనం దిగేవాళ్లు. దుబాయ్ వైపు జెబెల్ అలీ నుంచి వచ్చే జట్టు బస్సులోంచే పాటలు పాడుకుంటూ దిగేది. ఎవరో ఒకరు పెద్ద గిన్నెడు పులిహోర చేసుకొచ్చేవారు. అలాంటి సాయంత్రాలు నా జీవితంలో మళ్లీ రాలేదు.

మాది డెబ్భై కేజీల విభాగం. ఆట ఆడే ప్రతి రోజూ ముందు కాటా ఎక్కాలి, డెబ్భై దాటితే ఆ రోజు ఆట లేదు. కరోనాలో కూర్చుని తిన్నందుకు నేను డెబ్భై మూడున్నర ఉన్నాను. మా కెప్టెన్ ఏసుబాబన్న ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు. నా పొట్ట మీద చెయ్యేసి చూశాడు.

"ఒరేయ్ సత్తీ, నువ్వు లేకపోతే కూతకెళ్లేదెవడ్రా? మూడున్నర కేజీలు, అంతేగా. మూడ్రోజుల్లో దించేద్దాం. యల్లా, పరిగెట్టు."

బరువు దించడం మా క్యాంపుల్లో అందరికీ తెలిసిన విద్యే. గోడౌన్‌లో అట్టపెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ రోల్‌ని పొట్టకీ తొడలకీ చుట్టుకుని, దాని మీద చలికోటు వేసుకుని, అక్టోబరు ఎండలో పరిగెత్తాను. నీళ్లు మానేశాను. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మేసేవాణ్ని. మోకాలు నొప్పికి రోజుకు మూడు నొప్పి మాత్రలు మింగాను. శనివారం కాటా అరవై తొమ్మిది కేజీల ఎనిమిది వందల గ్రాములు చూపించింది. క్యాంపంతా ఈల వేసింది. రెండు ఆటలు గెలిచాం. ఆదివారం మళ్లీ కాటా ఉంది కాబట్టి రాత్రి కూడా రెండు గుక్కలే తాగి పడుకున్నాను. టీ రంగు కనిపించింది ఆ మర్నాడే.

ఫైనల్ జెబెల్ అలీ జట్టుతో. చివరి కూతకు వెళ్లేసరికి స్కోరు సమానం. వాళ్ల మూలలో శ్రీను ఉన్నాడు. శ్రీకాకుళం వాడు, ఆటలో పరిచయమై వరస కలుపుకుని నన్ను బావా అనేవాడు. వాడి పట్టు పడితే విడిపించుకున్నవాణ్ని నేను చూడలేదు. వాడు నా పిక్క పట్టాడు. ఇసుకలో బోర్లా పడ్డాను, గీత ఇంకా మూరెడు దూరంలో ఉంది. ఎలా వచ్చిందో తెలియదు, కాలు విడిపోయింది, నా చెయ్యి గీత మీద పడింది. గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ అరుపులు ఇప్పటికీ నాకు వినిపిస్తాయి.

సోమవారం మూత్రమే రాలేదు. దగ్గర్లో క్లినిక్‌కు వెళ్లి ఒళ్లు నొప్పులని మాత్రమే చెప్పాను. నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి పంపారు. వాళ్ల తప్పేమీ లేదు, నేను చెప్పింది అంతే. సాయంత్రానికి వాంతులు, ముఖం వాపు. ఏసుబాబన్న కంపెనీ పికప్‌లో నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరు కేరళ ఆయన. రిపోర్టులు చూసి, "సీపీకే లక్ష దాటింది. క్రియాటినిన్ ఏడు. పొటాషియం చాలా హై" అని పక్కనున్న వాళ్లకు ఇంగ్లీషులో చెప్పి, నా వైపు తిరిగారు. "పెయిన్ కిల్లర్ లియా క్యా?"

"నహీ సాబ్" అన్నాను. చేతులారా తెచ్చుకున్నావని కంపెనీ ఇంటికి పంపేస్తుందని భయం.

ఆ రాత్రే మెడ దగ్గర క్యాథెటర్ గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. మర్నాడు డ్యూటీకి వచ్చిన నర్సు నా పేరు చదివి ఆగిపోయింది. ఆవిడ రూతు సిస్టర్, నరసాపురం దగ్గర ఊరు.

"ఏ ఊరు తమ్ముడూ మీది?"

"అమలాపురం దగ్గరండి."

"అయితే ఇంక నా దగ్గర అబద్ధాలు ఆడకు. ఏం మింగేవు?"

చెప్పేశాను. మాత్రలు, ఇంజక్షను, ప్లాస్టిక్ రోల్, ఉమ్మేసిన నీళ్లు, అన్నీ. "కండలు కరిగించుకుని కిడ్నీల్లో పోసుకున్నావు కదయ్యా. ఎవరికోసం?" అంది. కప్పు కోసం అని చెప్పడానికి సిగ్గేసింది.

డాక్టరు తర్వాత దాని పేరు చెప్పారు. రాబ్డోమయోలిసిస్. కండరం దెబ్బతిని, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీని అడ్డగిస్తుందట. నీళ్లు లేకపోవడం, పైన నొప్పి మాత్రలు, రెండూ కలిసి పని పూర్తి చేశాయి. "కిడ్నీ వాపస్ ఆయేగా?" అని అడిగాను. "ఆనా చాహియే. వెయిట్ కరో" అన్నారు, రావాలి, ఆగి చూద్దామని. రాకపోతే వారానికి మూడుసార్లు డయాలసిస్, ఉద్యోగం ఖలాస్. ముప్పై నాలుగేళ్లకి ఇంటికి వెళ్లి మంచం మీద కూర్చోవాలి. గంటకోసారి మూత్రం పట్టే సీసా వైపు చూసుకునేవాణ్ని. రోజంతటికీ ముప్పై ఎం.ఎల్. కూడా వచ్చేది కాదు.

అయిదో రోజు శ్రీను రెండు బస్సులు మారి వచ్చాడు. డజను అరటిపళ్లు తెచ్చాడు. రూతు సిస్టర్ వాటిని బాంబును చూసినట్టు చూసింది. "పొటాషియం పేషెంటుకి అరటిపళ్లా! నా టేబుల్ మీద పెట్టు" అని తీసుకెళ్లిపోయింది. ఇద్దరం నవ్వాం. నేను, "ఏదైతేనేం, కప్పు మాదే కదా" అన్నాను.

శ్రీను నవ్వు ఆగిపోయింది. "ఒక మాట సెప్తాను బావా, కోపగించుకోకు. నీ కాలు నాను పట్టినాను గదా. పిక్క రాయిలాగ బిగిసిపోనాది. లోపల ఏదో కొట్టుకుంటంది. నీ కూత కూడా ఆగిపోనాది, నా సెవి పక్కనే కాబట్టి నాకు తెలిసింది. బయమేసింది. ఒగ్గీసినాను."

"ఆట అయ్యాక చెయ్యి జారిపోయిందన్నావు కదరా!"

"వదిలీసినానంటే మావోల్లు నన్ను బతకనిస్తారేటి? నువ్వు కూడా ఎవరికీ సెప్పకు."

నిజం రాస్తున్నాను. నాకు కృతజ్ఞత కలగలేదు. ఒళ్లు మండిపోయింది. కిడ్నీలు పోయినా కప్పు మిగిలిందనుకుని పడుకున్నవాణ్ని, అదీ లాక్కున్నాడు. "నిన్నెవడు వదలమన్నాడ్రా?" అని గోడ వైపు తిరిగిపోయాను. వాడు నా కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయాడు.

ఏడో రోజు చలి జ్వరం వచ్చింది. క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. దాన్ని తీసి మరోవైపు వేశారు. ఆ రెండు రోజులు నేను బతుకుతానని అనుకోలేదు. జ్వరంలో ఆలోచన ఒకే చోట తిరిగేది. ఇంకొక గుంజు గుంజి ఉంటే, ఇంకొక నిమిషం పట్టుకుని ఉంటే నా ఒంట్లో ఏం జరిగేదో శ్రీనుకు అర్థమైంది. ఆ ఒళ్లు నాదే అయినా నాకు అర్థం కాలేదు. ఏసుబాబన్నకూ అర్థం కాలేదు. కోపం మెల్లగా ఏడుపుగా మారింది.

పదకొండో రోజు సీసాలో రెండు వందల యాభై ఎం.ఎల్. పడింది. రూతు సిస్టర్ సీసా పైకెత్తి వెలుతురులో చూసి, "దేవునికి స్తోత్రం!" అని వార్డంతా వినపడేలా అంది. పక్క మంచం పఠాన్ ముసలాయన కూడా చేతులెత్తి దువా చేశాడు. నేను మొదట ఫోన్ చేసింది శ్రీనుకే.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"రెండొందల యాభై."

అవతల వాడు వేసిన కేక, పక్కనున్న వాళ్లు ఏమైందని అడగడం నాకు వినిపించాయి. ఆ తర్వాత నాలుగు రోజులు లీటర్లకు లీటర్లు పోసింది. మొత్తం ఆరు డయాలసిస్‌లు, పంతొమ్మిది రోజులు ఆసుపత్రి. కాళ్లు గుర్రపు పిల్ల కాళ్లలా వణుకుతుంటే బయటికి వచ్చాను. మూడు నెలలు ముదీర్, అంటే మా మేనేజరు, దయతో కూర్చుని లేబుళ్లు అంటించే పని చేశాను.

క్యాంపులో కప్పు ఫ్రిజ్ మీద ఉండేది. ప్రతి సెలవు రోజూ ఏసుబాబన్న నా చివరి కూత కథ చెప్పేవాడు. చెప్పినకొద్దీ గీత దూరమైంది, నన్ను పట్టినవాళ్లు ఒకరు కాస్తా నలుగురయ్యారు. నేను తల దించుకుని వినేవాణ్ని. ఎవరికీ చెప్పొద్దని శ్రీను అడిగాడు కాబట్టి నోరు విప్పలేదు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఏ డాక్టరూ వేయలేదు.

మరుసటి ఏడాది టోర్నమెంటు పెట్టేటప్పుడు నేను ఒక్కటే అడిగాను. కాటా ఎక్కే ముందు ప్రతివాడూ రెఫరీ ఎదురుగా అర లీటరు నీళ్లు తాగాలి. చాలా గొడవైంది. చివరకు నా మెడ మీది మచ్చ చూసి ఒప్పుకున్నారు. ఆ నీళ్లతోనే మా కొత్త కూతగాడు రెండు వందల గ్రాములు దాటి బయట కూర్చున్నాడు, మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. ఏసుబాబన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "నాకు కోపం పోలేదు, కానీ మంచి పనే చేసేవ్" అన్నాడు.

ఇప్పుడు ఆ మైదానంలో ట్రెయిలర్లు ఆపుతున్నారు. ఏసుబాబన్న ఇంటికి వెళ్లిపోయి చేపల చెరువు చూసుకుంటున్నాడు. శ్రీను కూడా వెళ్లిపోయాడు. నేను మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నా భార్యతో ఒక గదిలో ఉంటున్నాను, ఆమె ఇక్కడే ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష. క్రియాటినిన్ ఒకటి పాయింటు మూడు దగ్గర నిలబడింది. చలికాలంలో పిల్లలతో సరదాకి ఆడతాను. గెలవడం నాకిప్పటికీ ఇష్టమే. ఓడినప్పుడు ఇప్పటికీ అన్నం సయించదు.

ఇది రాసే ముందు శ్రీనును అనుమతి అడిగాను. వాయిస్ మెసేజ్ పంపాడు. "రాసుకో బావా. మావోల్లు బతకనివ్వరని ఆసుపత్రిలో నాను అన్నది అబద్దం, ఆలకి ఆ రోజే తెలుసు. బస్సెక్కినాక మా కెప్టెన్ 'ఒగ్గీసినావా?' అని అడిగినాడు. నాను తలూపినాను. 'మంచి పని సేసినావు, బయట ఎవుడూ అనకండి, ఆ కుర్రోడు సిగ్గు పడతాడు' అన్నాడు. నీ దగ్గర మాత్రం దాయలేకపోనాను. తెలీకపోతే మల్లీ అలాగే సేస్తావని."

ఆ ఫైనల్ తర్వాత రెండేళ్లు ఆ జట్టు మాతో ఆడింది. మావాళ్లు కప్పు చూపించి వాళ్లను ఎంతో ఏడిపించారు. బస్సెడు మందిలో ఒక్కడంటే ఒక్కడు నోరు జారలేదు.

ఆడేవాళ్లకు నాది ఒకటే మాట. ఆట తర్వాత మూత్రం టీ రంగులో వస్తే ఇంకొక ఆట ఆడకండి. నొప్పి మాత్ర వేసుకోకండి. అదే పూట ఆసుపత్రికి వెళ్లి, ఏం మింగారో, ఎన్నాళ్లు నీళ్లు మానేశారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. మీ పిక్క పట్టుకున్నవాడు మంచివాడు అవుతాడని నమ్ముకుని కోర్టులోకి దిగకండి.