అత్తమ్మ ఫోను నుంచి వచ్చిన గంట

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని, అది కనపడకపోతే మనం సరిగా వెతకలేదని నమ్మేదాన్ని.

మాది హుజూరాబాద్. మా ఆయన గల్ఫ్‌లో నెట్‌వర్క్ పని చేస్తారు. ఇంటి మాటలు బయటి కంపెనీల దగ్గర ఉండడం ఆయనకు ఇష్టం లేదు. అందుకే ఇంట్లోని పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, మా కుటుంబానికి మాత్రమే ఒక చాట్ పెట్టారు.

దాన్ని అందరికంటే ఎక్కువ వాడింది మా అత్తమ్మ. రోజూ మధ్యాహ్నం మా పాప నిద్రపోగానే "తిన్నవా బిడ్డా" అని కొడుక్కి వాయిస్ పంపేది. అంతకుముందు వాకిట్లోకి పోయి, నీళ్ల గోలెం మీద మూత పెట్టి, దానిపైన రాయి పెట్టేది. పాప నడక నేర్చినప్పటి నుంచి ఒక్క రోజూ మరవలేదు. "నీళ్లకు చిన్న పెద్ద తెల్వదే" అనేది.

పోయిన చలికాలంలో ఆమె పోయింది. దినాలయ్యాక ఆమె ఫోను ఆఫ్ చేసి, ఆమె చీరలోనే ముడి వేసి సందూక పెట్టెలో పెట్టాను. చాట్‌లో పేరు తీసేయడానికి మా ఆయనకు చేతులు రాలేదు.

ఎండాకాలంలో ఎవరో బయటివాళ్లు మా సర్వర్‌లోకి చొరబడాలని చూశారు. "జర లాగ్ మీద కాపలా పెట్టు" అన్నారు ఆయన. ఎవరు ఏ నిమిషాన వచ్చారో, ఏ పేజీ అడిగారో సర్వర్ వరుసలుగా రాసుకుంటుంది. అదే లాగ్. కొత్త వరుస పడగానే నా ఫోను మోగేలా చిన్న ప్రోగ్రాం పెట్టాను.

మొదటి రోజే, ఇంటికొచ్చిన ఆడబిడ్డ ఫొటోలు పంపుతుంటే ఫోను ఆగకుండా మోగింది. ఆయన ఒకటే నవ్వు. "గిట్లయితె రేపు నన్ను గూడ దొంగలల్ల కలుపుతవ్. ఇంటోళ్లను ఇడిచిపెట్టు."

ఇంటి ఫోన్ల నెట్‌వర్క్ చిరునామాలన్నీ 'మోగొద్దు' అనే జాబితాలో చేర్చాను. అత్తమ్మ ఫోను కూడా అందులో పడింది.

నాలుగు రోజులు చప్పుడు లేదు. ఐదో రోజు మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి, డాబా మీద మిరపకాయలు తిప్పుతున్నాను. ఫోను మోగింది. దొంగ దొరికాడనుకున్నాను. తెర మీద ఉన్నది అత్తమ్మ ఫోను చిరునామా. లాగిన్ పేజీ తెరిచినట్టు ఒకే ఒక్క వరుస.

సర్వర్ చూద్దామని గబగబా దిగాను. పాప మంచం మీద లేదు. వాకిట్లో బోర్లించిన బకెట్ ఎక్కి గోలెంలోకి వంగి ఉంది. రెండు కాళ్లూ గాలిలో ఉన్నాయి. పొద్దున నల్లా నీళ్లు పట్టి, మూత పెట్టడం మరిచింది నేనే.

గౌను పట్టి లాగాను. జుట్టు కొసలు తడిశాయి. అంతే.

సాయంత్రం దాకా పాపను చంక దించలేదు. అప్పుడు వెతికాను. 'మోగొద్దు' జాబితాలో అత్తమ్మ చిరునామా అలాగే ఉంది. లాగ్‌లో ఆ వరుసా ఉంది. సందూకలో చీర ముడి నేను వేసినట్టే ఉంది. ఫోను గంటసేపు చార్జింగ్ పెడితే గానీ వెలగలేదు. ఆ చిరునామా వేరే ఫోనుకు పోయిందేమో అని రూటర్ చూశాను. పోలేదు. ఇంటి ఫోన్లన్నిటితో చాట్ తెరిచి చూశాను. ఒక్కసారి కూడా మోగలేదు.

ఆయనకు ఫోన్లో చెప్పాను. "ప్రోగ్రాంల ఏదో తప్పుంటది" అన్నారు. మళ్లీ ఆయనే, "చాట్‌ల మా అవ్వ పేరు మాత్రం తియ్యకు" అన్నారు.

తప్పే కావచ్చు. ఏ తప్పో ఇంతవరకు నాకు దొరకలేదు. పాప పక్కనే పడుకుంది. ఇది రాస్తూ రెండుసార్లు దాని ఊపిరి చూసుకున్నాను. ఎవరికి దండం పెట్టాలో తెలియక రోజూ ఆ సందూకకే పెడుతున్నాను.

'మోగొద్దు' జాబితా నుంచి ఆ ఒక్క చిరునామా తీసేశాను. మళ్లీ మోగలేదు. మోగాల్సిన అవసరం నేనూ రానివ్వడం లేదు. మధ్యాహ్నం గోలెం మీద మూత పెట్టి, రాయి పెట్టి, ఆ తర్వాత "తిన్నరా" అని ఆయనకు వాయిస్ పంపుతున్నాను.