కుసుమ నూనె, నా నోటుబుక్కు

సిరిసిల్లలో మా ఇంట్లో మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు పట్టే గంజిలో అమ్మ కొంచెం నువ్వుల నూనె కలిపేది. పోగులు అతుక్కోకుండా మెత్తగా ఉంటాయని. పదిహేడో ఏట నా మొహం నిండా మొటిమలు లేస్తే, అదే నూనె తెచ్చి చెంపలకు పట్టించింది.

"నూలు మెత్తగైతది గని నీ మొహం గాదా?" అన్నది.

పది రోజుల్లో మొటిమలు రెట్టింపయ్యాయి.

ఏడో తరగతితో చదువు ఆగిన నాకు గ్రంథాలయమే బడి. అక్కడి పెద్దాయన వెతికి ఇచ్చిన ఆరోగ్యం పుస్తకంలో సంగతి తెలిసింది. గింజల నూనెలన్నీ ఒకటి కావు. జిడ్డు చర్మం మీద చిక్కటివి రంధ్రాలను మూసేస్తాయి; కుసుమ నూనె లాంటి పలచనివి కొందరికి పడతాయి. ఏదైనా ముందు దవడ కింద ఒక చుక్క రాసి వారం చూడాలి. అంతా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.

కానీ అవి అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లలో తిరిగే రోజులు. "ఇగ లైబ్రరీ బంద్ బిడ్డా," అన్నాడు నాన్న. "చదివే పిల్లలనే పోలీసోళ్లు ముందుగాల అడుగుతున్నరు." నేను నోటుబుక్కును సంచి అడుగున పెట్టుకున్నాను.

ఆ వారమే నాన్నా నేనూ కోరుట్లలో మేనత్త ఇంటికి బయలుదేరాం. దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ నా సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. నాన్న సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"దవడ కింద చుక్క... వారం చూడాలి... ఏందే పిల్లా ఇది?"

"మొటిమల సంగతి సార్. లైబ్రరీ పుస్తకంల చూసి రాసుకున్న."

తలెత్తి చూస్తే ఆయన మొహం నా మొహం కంటే ఘోరం. గొంతు తగ్గించి, "మరి నువ్వుల నూనె పెట్టచ్చునా చెల్లే?" అన్నాడు.

"వద్దు సార్. పెట్టే గిట్లయిన."

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి నోటుబుక్కు ఇచ్చేశాడు.

జగిత్యాలలో బస్సు మారేటప్పుడు నాన్న అడిగాడు: "గా లైబ్రరీ పుస్తకం ఎప్పుడు వాపస్ ఇయ్యాలె బిడ్డా?"

మేనత్త తన చేనులో పండిన కుసుమల నూనె సీసాలో పోసి ఇచ్చింది. దవడ కింద వారం చూసి మొహానికి పట్టించుకున్నాను. అది మొటిమలను మాన్పలేదు, పెంచనూ లేదు. పొడిబారిన చోట మెత్తగా ఉంచింది. నువ్వుల నూనె మానడమే నాకు అసలు మందయింది. మేనత్తనూ, ఆ పుస్తకం వెతికిచ్చిన పెద్దాయననూ తలచుకోని రోజు లేదు.

ఆ తర్వాత గ్రంథాలయానికి నాన్నే తీసుకెళ్లేవాడు. నేను పుస్తకం ఎంచుకునేదాకా గుమ్మం బయటే నిలబడేవాడు.