కుంటుతూ పలికిన ఇంజన్

ఉప్పుగూడ ఇశ్రాయేలుకు చెడ్డ శబ్దం పడదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం ప్రార్థనలో కూడా పాస్టరుగారి మాటలు వదిలేసి, నెత్తిన తిరిగే పంకా బేరింగు మీద చెవి పెట్టేవాడు. భార్య లీలమ్మ నలుగురిలో ఎత్తిపొడిచినా మారలేదు. చివరికి ఆ చెవే కొంప ముంచింది.

పక్కింటి మొగులయ్యకు పాడి ఉండేది. ఎప్పుడో బర్రె తన్నడంతో అతని కుడి కాలు వంకరపోయింది. ఒక అడుగు గట్టిగా వేసి, రెండోది ఈడ్చేవాడు. టక్కు, జర్రు. గేటు దగ్గర ఆ నడక వినబడితేనే బర్రెలు చేపేవి, పొదుగుల్లోకి పాలు దిగేవి. పిండేది భార్య రాజమణే అయినా, అతను కొట్టంలో అటూ ఇటూ తిరుగుతుండాలి.

గడ్డి కోసే మిషన్‌ను చేత్తో తిప్పి తిప్పి రాజమణి భుజం పడిపోయింది. దాన్ని తిప్పడానికని డెబ్బై నాలుగులో మగవాళ్లిద్దరూ ఒక ఇంజన్ కట్టడానికి పూనుకున్నారు. సిలిండరు పాత లారీది, బరువు చక్రం చెరుకురసం బండిది, మిగిలిందంతా ఇశ్రాయేలు ఆకురాయితో అరగదీసింది. ఒక్క సిలిండరే కదా అనుకుంటే అది ఏడాది తిన్నది. అది పలకకముందే మొగులయ్య జ్వరంతో పోయాడు.

బర్రెలు చేపడం మానేశాయి. దూడల్ని వదిలినా, ఉలవలు పెట్టినా చుక్క దిగలేదు.

"బర్రెల్ని కొనే బేరగాన్ని రమ్మన్న తమ్మీ," అంది రాజమణి. "బర్రెలు పోతె ఇగ ఎవరింట్లనో బాసాన్లు తోముకోవాలె."

ఇశ్రాయేలుకు ఏమీ తోచలేదు. మాట ఇచ్చిన ఇంజన్ అయినా పూర్తి చేద్దామని కూర్చున్నాడు. ఒక సాయంత్రం కొట్టం పక్క రేకుల కింద పెట్రోలు పోసి చక్రం తిప్పాడు. అంటుకుంది, కానీ సరిగ్గా కాదు. ఒకసారి గట్టిగా కొట్టి, రెండోసారి నిప్పు మింగేసి ఈడ్చుకుంటూ తిరిగింది. టక్కు, జర్రు.

బర్రెలన్నీ గేటు వైపు తలలు తిప్పాయి. అక్కడ ఎవరూ లేరు. అవి మాత్రం చెవులు నిక్కించి, నడిచొచ్చే మనిషిని చూస్తున్నట్టు గేటు నుంచి కొట్టం దాకా మెల్లగా చూపు తెచ్చాయి. పాలు దిగాయి. రాజమణి కొంగు నెత్తి మీదికి లాక్కుని పిండింది.

బేరగాణ్ణి రావద్దన్నారు. ఇంకొకడైతే అంతటితో ఊరుకునేవాడు. వర్క్‌షాపు ఫిట్టరు చేసిన ఇంజన్ కుంటుతోందని గల్లీలో బాబురావు నవ్వాడు, అది మనవాడికి మింగుడుపడలేదు. ఆదివారం రాజమణి దాణాకు పోయిన సమయం చూసి, ప్లగ్గుకు నిప్పు అందించే ముక్కల్ని ఆకురాయితో రుద్ది, స్ప్రింగు మార్చాడు. ఇంజన్ ఒక్క దెబ్బ తప్పకుండా పలికింది. మురిసిపోయాడు.

ఆ సాయంత్రం బర్రెలు తల ఎత్తలేదు.

రాజమణి ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చింది. "ఏం జేసినవ్ తమ్మీ?"

"బాగు చేసిన వదినె. మిస్సింగ్ కొడుతుండె."

"నిన్ను చెయ్యమన్నదెవరు? రోజు ఆయన వస్తుండె. మంచిగ నడిచేటోడు మా ఆయనెట్లయితడు?"

పాత స్ప్రింగు మళ్లీ వేశాడు. ముక్కల్ని ఎడం చేశాడు, దగ్గర చేశాడు. ఇంజన్ నడిస్తే చక్కగా నడిచేది, లేకపోతే ఆగిపోయేది. జీవితమంతా బాగుచేయడమే నేర్చిన చేతులకు చెడగొట్టడం రాలేదు. రాజమణి మళ్లీ కబురు పెడితే బేరగాడు పలుపుతాళ్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడిన రోజున ఇశ్రాయేలుకు ఏడుపొచ్చింది. పెట్రోలు గొట్టం ఊడబీకి ఇంజన్ ముందు చతికిలబడ్డాడు.

"మాఫ్ చెయ్యి మొగులన్నా. నాతోని అయితలేదు."

ఇంజన్ చల్లగా ఉంది. చక్రం కదల్లేదు. టక్కు, జర్రు.

శబ్దం గేటు దగ్గర మొదలైంది. బేరగాడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు, ఎవరికిచ్చాడో తనకే తెలియనట్టు చుట్టూ చూశాడు. బర్రెలు తలలు తిప్పాయి. నడక ఇశ్రాయేలు వీపు వెనక్కి వచ్చి ఆగింది. మొగులయ్య తాగే బీడీ వాసన వేసింది. ఇశ్రాయేలు తిరిగి చూడలేదు. భయం ఎంతుందో బెంగ కూడా అంతే ఉంది.

బకెట్‌లో పాలధార చప్పుడు మొదలైంది. రాజమణి వంచిన తల ఎత్తలేదు.

"మళ్ల మంచిగైంది తమ్మీ. ఇగ దాన్ని ముట్టకు," అంది.

ఇశ్రాయేలు ఊడబీకిన పెట్రోలు గొట్టాన్ని పిడికిట్లో దాచుకున్నాడు.

"ముట్ట వదినె," అన్నాడు.