ఉప్పు చూసిన వేలు

కలిదిండి చెరువుల నుంచి చేపలు తోలే రోజుల్లో మా దగ్గర ఒక పెద్దవయసు డ్రైవరుగారు ఉండేవారు. పాత బండి ఏది చూసినా ఆయన ముందు కిందికి దూరి, బండిని మోసే ఇనప చట్రం, ఛాసిస్ మీద వేలు రాసి, నాలిక్కి అద్దుకునేవారు. చుట్టుపక్కల ఎవరు పాత లారీ కొనాలన్నా ఆ నాలుకనే నమ్మేవారు.

చెన్నైలో ఒక లారీ బేరానికి ఆయన్ని వెంటబెట్టుకెళ్ళాను. అది కొత్త రంగుతో మెరిసిపోతోంది. ఆయన కిందికి దూరి, వేలు నాకి బయటికొచ్చారు.

"వద్దండీ. హార్బర్లో తిరిగిన బండండీ, అడుగంతా ఉప్పు తినేసిందండి."

అమ్మేవాళ్ళు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఊరుకోండి, పరువు తీస్తున్నారు" అని కసిరి, బేరం ఖాయం చేసేశాను. ఏలూరు దాకా ఆయనే నడిపారు. దారిలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్న రెండో వానాకాలంలో, ఆయనా నేనూ చేపల లోడుతో వస్తుంటే గుండుగొలను దగ్గర ఛాసిస్ విరిగిపోయింది. మా నాన్నగారు వచ్చి రోడ్డు మీద అందరి ముందూ ఆయన్ని నిలదీశారు.

"ఏవండీ, మీరు దగ్గరుండి చూసిన బండే కదండీ ఇది?"

ఆయన నా వైపు చూడలేదు.

"నాదే పొరపాటండీ. సరిగ్గా చూడలేదండి."

పక్కనే ఉన్న నేను చేపల్ని వేరే బండిలోకి మార్పించే వంకతో అటు వెళ్ళిపోయాను. ఆ తర్వాత బళ్ళు చూడడానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

మొన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కనిపించి, ఆయనే ముందు పలకరించారు.

"బావున్నారాండీ? ఇప్పుడున్న బండి బాగా నడుస్తోందాండీ?"

తప్పు నాదని ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను.

"బాగానే నడుస్తోందండీ" అన్నాను.