పనసపండుకి చోటు

నా వంద సీసీ బండి మీద రాయగడ కొండలకు మూడు రోజుల టూరు పెట్టుకున్నాను. రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు ఒకే సంచిలో కుక్కి, వెనక సీటు మీద పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. సంచి కదిలితే ఒట్టు. శ్రీకాకుళంలో పొద్దున్నే బయల్దేరి, కాస్త చుట్టైనా చూసి పోదామని గజపతినగరంలో మేనత్త ఇంటి ముందు ఆగడమే నా తప్పు.

మజ్జిగ తాగి బయటికొచ్చేసరికి అత్త నా సంచి విప్పేసి, దాని చోట గోనెలో చుట్టిన పనసపండును కట్టేస్తోంది.

“నేనెల్లేది ఇంటికి కాదత్తా, రాయగడకి!”

“కొండలెక్కడికి పోతాయిరా? పండు ముగ్గిపోనాది, రేపటికి ఆగదు. మీ అమ్మకి పనసపండంటే పేనం. ముందు ఇది ఇంటికాడ దించీసి రా.”

తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పాను. దారంతా గోనెలోంచి వీపుకి పనస ముళ్లు, చుట్టూ ఈగలు. అమ్మ పండు దించుకుని మురిసిపోయింది. నా సంచి అత్త దగ్గరే ఉండిపోయిందని చెబితే ఇంకా సంతోషించింది.

“మంచిదే. రేపెల్లి తెచ్చుకో. ఉత్తి సేతుల్తో ఎల్లకు, ఈ గుమ్మడికాయ అట్టుకెల్లు.”

రాయగడ నేనింతవరకూ చూడలేదు. గజపతినగరం రోడ్డు మీద మాత్రం ఏ గొయ్యి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.