గడప లేని స్నానాలగది

మూడో ఏట వచ్చిన పోలియో వీరవేణి కుడికాలిని పీల్చేసింది. చదువు మాత్రం ఆగలేదు. నిడదవోలు హైస్కూల్లో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. తల్లీ తండ్రీ ఏడాది తేడాలో పోయాక పెంకుటింట్లో ఒక్కతే మిగిలింది. వండుకునేది, ఉతుక్కునేది, రిక్షాలో బడికి వెళ్ళొచ్చేది. ముప్పైతొమ్మిదేళ్ళ మనిషికి ఇంకొకరి సాయం కావలసింది ఒక్క పనికే. పెరటి చివరనున్న మరుగుదొడ్డికీ, దాని పక్కనున్న స్నానాల తడికకీ వెళ్ళి రావడానికి.

ఆ సాయం పక్కింటి అచ్చాయమ్మది. అరవై దాటిన ఆవిడకి భర్త లేడు, ఒక్కగానొక్క కూతురు పిఠాపురంలో కాపురం ఉంటోంది. రోజూ పొద్దున్నే అయిదింటికి పెరటి తలుపు తోసుకుని వచ్చి, వీరవేణి రెక్క పట్టుకుని, పాచిపట్టిన రాళ్ళ మీద నడిపించేది. నడుస్తున్నంత సేపూ నోరు మూసేది కాదు. ఎవరింట్లో గేదె ఈనిందో, కాలవకి నీళ్ళెప్పుడొదులుతారో అన్నీ ఆ పాతిక అడుగుల్లోనే చెప్పేసేది.

తొంభైయేడు శ్రావణంలో అచ్చాయమ్మ వ్రతం చేయించుకోవడానికి అన్నవరం వెళ్ళింది. ఆ పొద్దున వానలో ఒంటరిగా బయల్దేరిన వీరవేణి తడిక దగ్గర జారిపడింది. ఎంత పెనుగులాడినా లేవలేకపోయింది. తడిబట్టలతో బురదలో గంట పడి ఉంది. చివరికి పాలు పోయడానికొచ్చిన మనిషి చూసి లేపాడు. మోచెయ్యి బెణికింది. దానికంటే ఆ స్థితిలో పరాయి మగవాడు తనను చూశాడన్నదే ఆవిడకి ఎక్కువ బాధ.

ఆ వారమే గ్రాఫు పుస్తకం తెచ్చుకుని, పడగ్గది వెనక గోడకి ఆనించి ఎనిమిదడుగులకి ఆరడుగుల గది గీసుకుంది. తాపీమేస్త్రి చిట్టియ్య ఆ కాగితాన్ని తిరగేసి బోర్లేసి చూశాడు.

"పడుకునే గదిలోంచేనా అండీ? వాసనా అదీ..."

"కిటికీ పెద్దది పెడదాం చిట్టియ్యా."

"మరి గడప గీయలేదేంటండీ? గడప లేకపోతే నీళ్ళు మంచం కిందకొచ్చేస్తాయండి."

"గడప దాటడానికి కాలు లేవదయ్యా నాకు. నేల వాలు అటువైపు పెట్టు."

చిట్టియ్య తల గోక్కున్నాడు. గోడలు లేచాక, కమోడు వచ్చేచోట కుర్చీ ఒకటి వేశాడు. "పట్టుకునే రాడ్డు ఎక్కడ బిగించాలో నాకు తెలీదండి. మీరెలా కూర్చుంటారో, ఎలా లేస్తారో ఒకసారి చూపించండి," అన్నాడు.

వీరవేణి సిగ్గుతో బిగుసుకుపోయింది. లేవలేకపోతోందని జాలిపడినవాళ్ళేగానీ ఎలా లేస్తావని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. మెల్లిగా కూర్చుంది. ఎడమచేత్తో గోడని తడుముకుంటూ లేచింది. చెయ్యి ఆనినచోట చిట్టియ్య పెంకుముక్కతో గీత గీశాడు. "మళ్ళీ ఒకసారండి," అన్నాడు. మూడుసార్లు లేపించి గాని రాడ్డు బిగించలేదు.

దసరాకల్లా గది పూర్తయింది. మొదటి రోజు తలుపు వేసుకుని, ఎత్తు పీట మీద కూర్చుని, రెండు బకెట్ల వేణ్ణీళ్ళు పోసుకుంది. బయట ఎవరూ కాచుకుని లేరన్న ధైర్యంతో ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు.

అయిదింటికి అచ్చాయమ్మ వచ్చేసరికి వీరవేణి తల తుడుచుకుంటోంది.

"అప్పుడే అయిపోయిందా వేణమ్మా!" అంటూ ఆవిడ గదంతా కలయజూసి, రాడ్డు పట్టుకుని ఊపి చూసింది. "బాగుందమ్మా. ఇహ నాతో పనిలేదన్నమాట," అని నవ్వింది.

"అదేం మాటండీ పిన్నిగారూ! రోజూ కాఫీకి రండి."

నాలుగు రోజులు వచ్చింది. కాఫీ తాగుతూ కూర్చుంటే ఆవిడ చేతులకి ఏం చెయ్యాలో తోచేది కాదు. మాట కూడా నడకలో దొర్లినట్టు దొర్లేది కాదు. తర్వాత రెండు రోజులకోసారి, ఆపైన వారానికోసారి వచ్చింది. కార్తీకంలో అసలు రాలేదు. పోట్లాట లేదు, మాట పట్టింపు లేదు. అయిదింటికి వీరవేణికి మెలకువ మాత్రం వచ్చేసేది. పెరటి తలుపు వంక చూస్తూ మంచం మీదే కూర్చునేది.

ఒక ఆదివారం కాలికి ఇనప బద్దీల బూటు తొడుక్కుని, కర్ర పుచ్చుకుని, వీధి చుట్టూ తిరిగి అచ్చాయమ్మ ఇంటికి వెళ్ళింది. అన్నేళ్ళలో తానుగా ఆ వాకిట్లోకి వెళ్ళడం అదే మొదలు. తలుపుకి తాళం వేసి ఉంది.

ఎదురింటి పెద్దింట్లమ్మ బయటికొచ్చి, "పిఠాపురం వెళ్ళిపోయిందండీ. పది రోజులయింది. ఇక్కడ ఉండి చేసేదేముంది, కూతురి పిల్లల్నైనా చూసుకుంటానంది. మీకు చెప్పలేదాండీ?" అంది.

"చెప్పారండి, నేనే మర్చిపోయాను," అంది వీరవేణి.

ఇంటికొచ్చి బూటు విప్పుకుంది. ఆ పాతిక అడుగులూ తన కోసమే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆవిడకీ పొద్దున్నే లేవడానికి ఆ పని ఒక్కటే ఉందని ఇప్పుడు తట్టింది. క్షేమం అడుగుతూ ఉత్తరం రాసింది. అక్షరాలు రాని అచ్చాయమ్మ తరఫున మనవరాలు రెండు ముక్కలు జవాబు రాసి పంపింది.

ఏళ్ళు గడిచాయి. చిట్టియ్య ఆ కొలతలతోనే ఊళ్ళో ఇంకో మూడు గదులు కట్టాడు. కట్టించుకునేవాళ్ళని ముందుగా తెచ్చి వీరవేణి గది చూపించేవాడు. ఒకసారి పక్షవాతం వచ్చిన భర్త కోసమని ఒకావిడ వచ్చింది. రాడ్డు ఎత్తు జేనలతో కొలుచుకుంది.

"ఇంట్లో ఇంకెవరుంటారండీ?" అని అడిగింది.

"నేనేనండి," అంది వీరవేణి. "కూర్చోండి, కాఫీ పెడతాను."

"వద్దండీ, ఆయన ఒక్కరే ఉన్నారు," అంటూ ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.