ఒర్రె బాట మీద పడి ఉన్న కడీ

ఒర్రె, అంటే మా ఊరి వాగు, దాని పక్క బాటకు మళ్లీ సర్కారు పైసలు వచ్చాయట. ఈసారి రంగురంగుల బిళ్లలు పరిచి, పొద్దున నడిచేవాళ్లకు ఒక వరుస, సైకిళ్లకు ఒక వరుస వేస్తారట. మొన్న మున్సిపాలిటీ నుంచి కుర్ర ఇంజనీరు ఒకడు టేపు పట్టుకొని వచ్చి, "అంకుల్, ఈ రాయి ఎవరిది? తీసేయించాలా?" అని అడిగాడు. నేను ఆ రాయి మీదే కూర్చొని ఉన్నాను. లేవడానికి ఓపిక లేదు. కథ చెప్పడానికి అంతకన్నా లేదు. "ఉండనియ్యి సారూ, కూసునేటందుకు పనికొస్తది" అన్నాను. ఆయనకు చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆ రోజుల్లో సిరిసిల్లలో పగలు పోలీసులది, రాత్రి అడవి నుంచి వచ్చే అన్నలది. మధ్యలో సాయంత్రం ఒక్కటి మాకు మిగిలేది, అది కూడా కరెంటు పోయి చీకట్లో. ఒర్రె మొదట్లో నాకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. నా సైకిళ్ల బ్రేకులను నమ్మి ఒర్రెలో దిగినవాళ్లను వరుసగా నిలబెడితే ఆ వరుస వేములవాడ దాకా పోతుంది.

మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఆ రెండు కాళ్ల బలమూ చేతుల్లోకి ఎక్కిందేమో, ఆమె బీడీలు చుడుతుంటే చూసేవాళ్లకు కళ్లు తిరిగి పక్కన పడుకునేవాళ్లు. బీడీ కొసకు ఆమె బిగించిన దారం ముడి విప్పాలంటే బ్రహ్మదేవుడైనా కత్తెర అడిగి తెచ్చుకోవలసిందే. చుట్టిన కట్టలను ప్రతిరోజూ ఒర్రె ఆ చివరన ఉన్న బీడీల కంపెనీలో ఇచ్చి రావాలి. సర్కారు ఆమెకు చేత్తో తిప్పుకొనే మూడు చక్రాల బండి ఇచ్చింది. కానీ ఒర్రె పక్క దారిలో సర్కారు పెంచింది సర్కారు తుమ్మ ఒక్కటే. మిగతాదంతా బురద. అందులో చెప్పు ఇరుక్కుంటే అటువైపు పాతాళంలో ఎవరో తొడుక్కున్నారనే లెక్క. పెద్ద రోడ్డున పోదామంటే స్టేషన్ ముందు ఇసుక బస్తాలు, లారీలు, ఆపైన నిట్టనిలువు ఎక్కుడు. కాబట్టి రోజూ ఆ బురదలో బండిని వెనక నుంచి నెట్టేవాణ్ణి నేనే. నా పెళ్లిలో అరుంధతిని చూడమంటే కూడా నా చేతులు బండి పిడి కోసమే వెతికాయి.

అక్కకు ఆ నెట్టుడంటే నాకంటే విసుగు.

"తమ్మీ, ఒక్కనాడన్న నా అంతల నేను పోయి నా అంతల నేను రావాలెరా" అనేది. "ఎనకంగ నీ ఊపిరి ఇనుకుంట పోవుడు యాష్టకచ్చింది."

"నాకు నెట్టుడు యాష్టకచ్చింది."

"గందుకే చెప్తున్న."

జగిత్యాల నుంచి బదిలీ మీద ఒక పెద్ద సారు, ఆర్డీవో, వచ్చాడు. మా అక్క తన మూడు చక్రాల బండిని ఆయన జీపుకు అడ్డంగా నిలబెట్టి, ఒర్రె పక్కన బాట వేయమని అడిగింది. అన్నలు అడ్డం వస్తే జీపు ఏం చేస్తుందో ఆ డ్రైవరుకు నేర్పించారు గానీ, బీడీలు చుట్టే ఆడమనిషి అడ్డం వస్తే ఏం చేయాలో నేర్పలేదు. ఆగిపోయాడు. ఎవరూ నమ్మలేదు గానీ, ఆరు నెలల్లో బాటకు పైసలు మంజూరయ్యాయి.

పని పట్టిన గుత్తేదారుది కోరుట్ల. మొదట్లో ఆయన పొట్ట ముందు వచ్చేది, ఆయన కాసేపటికి వచ్చేవాడు. పని అయ్యేసరికి ఇద్దరూ కలిసే రావడం మొదలైంది. అంత చిక్కిపోయాడు. ఎందుకంటే, కోస్తా నుంచి వచ్చిన ఎస్సై ఆయన్ను పిలిపించి, "నా జీపు పట్టేంత వెడల్పు లేకపోతే ఆ బాట ఎలా పూర్తవుతుందో నేనూ చూస్తా" అన్నాడు. ఆ సాయంత్రమే కల్లు దుకాణంలో పక్కన కూర్చున్న ఎవరో మొహం తిప్పకుండా, "జీపు పట్టేటంత బాట ఏస్తే, గా బాట మీద ఆఖరుగ పోయేటోనివి నువ్వే" అన్నాడట. సగం తాగిన ముంతను అక్కడే వదిలేసి వచ్చిన గుత్తేదారును కోరుట్ల చరిత్రలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అప్పటి మున్సిపల్ ఇంజనీరు, ఇద్దరు పెళ్లాల మధ్య నిద్ర కరువైనవాడిలా ఉండే మనిషి, ఉపాయం చెప్పాడు. బాట జీపు పట్టేంత వెడల్పే వేద్దాం, బాట మొదలు దగ్గర మాత్రం అడ్డంగా నాలుగు కడీలు పాతుదాం అని. కడీలంటే చేన్లకు కంచె వేసేటప్పుడు పాతే నిలువెత్తు రాళ్లు. "అవసరమైతే వేలితో తోస్తే పడతాయి సార్" అని ఎస్సైకి చెప్పించాడు. "పాతాళం దాకా పాతినం" అని కల్లు దుకాణంలో చెప్పించాడు. రెండు పక్కలా సంతోషించారు. కడీకీ కడీకీ మధ్య సందు సరిపోతుందా అని, ఎవరిదో సైకిల్ తెప్పించి ఆ సందులోంచి నడిపించి చూశారు. ఖాళీ సైకిల్! సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే మా ఊళ్లో ఖాళీ సైకిల్‌ను పుట్టినప్పటి నుంచీ చూడనివాళ్లు ఉన్నారు. ప్రతి సైకిల్‌కూ అటొక నూలు మూట, ఇటొక నూలు మూట.

బాట ప్రారంభానికి కడీలకే రిబ్బను కట్టారు. కత్తిరించగానే అక్క ముందుకు వచ్చింది. తలంటుకొని, కొత్త చీర కట్టుకొని, ఒళ్లో బీడీ కట్టల గంప పెట్టుకొని, చేత్తో బండి తిప్పుకుంటూ. నేను వెనక లేను. ఆమే రావద్దంది. బండి ముందు చక్రం సందులోకి దూరింది. వెనక రెండు చక్రాలు రెండు కడీలకు తగిలి టక్కుమని ఆగాయి.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇది నడిచేవాళ్లకు, సైకిళ్లవాళ్లకు."

"నడుసుడు నాతోని కాదు సారూ. గిది సైకిలే. ఒక చక్రం ఎక్కువిచ్చింది మీరే" అంది అక్క. "బండి ఇచ్చింది మీరు, బాట ఇచ్చింది మీరు. ఒకరి మొకం ఒకరు సూసుకోలేదా?"

సభ నవ్వింది. ఆమె నవ్వలేదు. నలుగురు వచ్చి ఆమెతో సహా బండిని ఎత్తి కడీల అవతల దించారు. అప్పుడు చప్పట్లు కొట్టారు కూడా.

ఆ తర్వాత రోజూ అదే తంతు. పక్కింటి మామ, ముప్పై ఏళ్లుగా సాంచాల మోత విని మామూలు మాటను కూడా ఊరు దాటేలా అరిచే మనిషి, కడీల దగ్గర సైకిల్ ఆపి, మూటలు దించి, సైకిల్ దాటించి, మళ్లీ మూటలెత్తి, ఆ మధ్యలో సర్కారు ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచేవాడు. అక్క అక్కడ ఆగి, ఎత్తేవాళ్లు పోగయ్యేదాకా చూసేది. ఒక వారం తర్వాత పోవడం మానేసింది. కట్టలు నాతో పంపింది.

"అప్పుడు ఒక్కనికే బరువుంటి. ఇప్పుడు ఊరందరికి ఎత్తుడు బరువైన" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను ఎన్నడూ వినలేదు.

కడీ ఒకటి తీసేయొచ్చు కదా అంటారు. తీసేదెవరు? తీస్తే పోలీసులు తీశారని అన్నలు అనుకుంటారు, అన్నలు తీశారని పోలీసులు అనుకుంటారు. ఆ రెండు అనుకోవడాల మధ్య ఇల్లున్నవాడికి ఆ రాయి దేవుడి విగ్రహం కంటే పవిత్రం.

ఎండకాలంలో అన్నలు బంద్‌కు పిలుపిచ్చారు. బంద్ అంటే కాకి కూడా సెలవు పెట్టేది. సాంచాలు ఆగాయి. పోలీసులంతా బస్సుల కోసం పెద్ద రోడ్డు మీదికి పోయారు. పట్టపగలు, ఒర్రె పక్కన పిట్ట లేదు. అప్పుడు మామ తన బర్రెను తోలుకొచ్చాడు, కొంగులు బిగించి బీడీల ఆడవాళ్లు వచ్చారు. కడీ మొదలు చుట్టూ మన్ను తవ్వాం. పాతాళం దాకా అని చెప్పింది తీరా చూస్తే మోకాలి లోతు. ఒర్రె అంచున ఉన్న నాలుగో కడీకి మోకు కట్టింది అక్కే, బండిలో కూర్చొనే.

"గట్టిగున్నదా బిడ్డా?" అని అరిచాడు మామ, పక్కనే ఉండి.

"నీ బర్రె కొమ్ములూడుతయి గని గీ ముడి ఊడది మామా."

బర్రె మాత్రం కదల్లేదు. బంద్ దానికి కూడా వర్తిస్తుందనుకున్నట్టుంది. నెమరు వేసి, ఆకాశం చూసి, మా అందరి ఓపికనూ తూకం వేసి, చివరికి గడ్డిపరక కోసం ఒక్క అడుగు వేసింది. కడీ పడింది. ఆ అంచున ఇప్పుడు మనిషి, బండి పోయేంత సందు ఉంది. జీపు వస్తే ఒక పక్క చక్రాలు ఒర్రెలో ఉంటాయి.

మర్నాడు ఎస్సై వచ్చాడు. "ఎవడ్రా పీకింది?"

"ఒర్రెల కొట్టుకపోయింది సారూ" అన్నాడు మామ.

ఎస్సై ఒర్రెలోకి చూశాడు. ఇసుకలో ఒక కుక్క వెల్లకిలా పడుకొని ఉంది. "నీళ్లేవి ఇందులో?"

"పోయినయి గద, కడీని గుంజుకొని."

"కడీ ఇక్కడే ఉంది కదరా!"

"బరువైంది సారూ. ఇడిసిపెట్టి పోయినయి."

ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. మనిషి పని అయితే ఆ మనిషి కోసం ఎండలో అడవంతా తిరగాలి. ఒర్రె పని అయితే ఎవరినీ పట్టుకోనక్కర్లేదు. ఆయన కళ్ల కింద నల్లటి సంచులు చూస్తే నా అలసట నాకే పిల్లలాటలా అనిపించింది. "ఒర్రేనా?" అన్నాడు. బీడీల ఆడవాళ్లంతా ఒక్కగొంతుతో "ఒర్రే" అన్నారు. జీపెక్కి పోయాడు.

రెండో పక్క నుంచి, అంటే అన్నల నుంచి, మాట వచ్చేదాకా నేను అక్కను కదలనియ్యలేదు. ఓ పొద్దున కొత్త మనిషి ఒకడు దుకాణానికి వచ్చి సైకిల్ కిరాయికి తీసుకున్నాడు. కాసేపటికే తిరిగొచ్చాడు.

"కడీ ఏమైంది?"

"ఒర్రె అన్నా."

"ఎండకాలం గద?"

"ఎగువన వాన పడ్డదట, కథలాపూర్ దిక్కు."

అతను నన్ను చూశాడు. గోడకు ఆనించి ఉన్న మూడు చక్రాల బండిని చూశాడు. "జీపు పట్టదు గద?"

"పట్టదన్నా."

"గీ బండి?"

"గిది పోతది."

"మరైతే పోనియ్యి" అన్నాడు. పోతూ, "బ్రేకులు జర సూసుకో" అన్నాడు. ఆ కాలంలో అన్నీ దాచినా, నా బ్రేకుల సంగతి మాత్రం ఎవరి దగ్గరా దాగలేదు.

ఆ సాయంత్రం అక్క బీడీల గంప ఒళ్లో పెట్టుకొని బయలుదేరింది. అలవాటు కొద్దీ నా కాళ్లు వెనక పోయాయి. కడీ పడ్డ చోట ఆమె బండి ఆపి, తల తిప్పింది.

"ఎందుకస్తున్నవ్ ఎనకంగ? దుకాణం ఎవలు సూడాలె?"

ఆగాను. ఆమె సందులోంచి దాటింది. అంచున ఒక చక్రం కొంచెం జారింది, నా చేతులు వాటంతట అవే ముందుకు లేచాయి, ఆమె పిడి గట్టిగా తిప్పి సర్దుకుంది. ఆ తర్వాత వెనక్కి చూడలేదు. తుమ్మచెట్ల మలుపు దాకా బండి కిర్రుమంటూ పోయింది. నూనె వేయాలి దానికి, అనుకున్నాను.

పడి ఉన్న కడీ మీద కూర్చున్నాను. ఎండ పట్టిన రాయి ఇంకా కాలుతోంది. అయినా లేవలేదు.